పైకప్పునకు పిట్టగోడ

కుటుంబ పాఠము

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28-36



కొన్ని వారముల క్రిందట మా సంఘములోని వృద్ధురాలైన ఒక సహోదరి, సాయంకాల ప్రార్థన ముగిసి అందరును వెళ్లువరకు అరుగుమీద కూర్చుండి, పిమ్మట మాతో ఒక సంగతి చెప్పెను. ఆమె తన కుమార్తె కాన్పునకు సాయముగా అమెరికాకు వెళ్లి ఆరు నెలలుండి వచ్చినది.

"అయ్యగారూ, మా పెద్ద మనుమడికి ఏడేళ్లండి. రోజూ సాయంత్రం పక్కింటికి ఆడుకోను పోతాడు. ఆ ఇంటివాళ్లు చాలా మంచివాళ్లు. నేను వెళ్లిన కొత్తలో పళ్లబుట్ట తెచ్చి ఇచ్చారు. ఒకనాడు వీడు వచ్చి, 'అమ్మమ్మా, వాళ్ల నాన్న తుపాకి ఎక్కడ పెడతాడో మాకు తెలుసుగా' అన్నాడు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. అమ్మాయితో చెబితే, 'వాళ్లింటి సంగతి మనం ఎట్లా అడుగుతామమ్మా, ఏమనుకుంటారో' అంది. నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు ఇక్కడ పడుకున్నా అదే గుర్తొస్తుంది. అడగడం తప్పా అయ్యగారూ?"

ఆ దినమున మేము ఆమెకు సరియైన ప్రత్యుత్తరమియ్యలేకపోతిమి. ప్రార్థించి పంపితిమి. తరువాత వాక్యమును వెదకి, ఆ దేశమునుగూర్చి తెలిసికొనదగిన సంగతులు చదివి, యీ పాఠము వ్రాయుచున్నాము. బిడ్డలను ఆ దేశమునకు పంపిన కుటుంబములు మన సంఘములలో ఇప్పుడు తక్కువ లేవు. కాబట్టి ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు.

1. ఆజ్ఞ యెవరికి?

మోషే ధర్మశాస్త్రములో ఈ ఆజ్ఞ ఒక్క వచనము మాత్రమే. క్రొత్త ఇల్లు కట్టువాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల అక్కడనుండి ఎవరైన పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. ఇది దాని భావము.

పాలస్తీనా దేశపు ఇండ్లు మన డాబాలవంటివే. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టెలు పరచియుంచెను (యెహోషువ 2:6). పేతురు ప్రార్థన చేయుటకు మిద్దె యెక్కెను (అపొస్తలుల కార్యములు 10:9). మనమును డాబామీద వడియములు పెట్టుదుము, మిరపకాయలు ఎండబోయుదుము, వేసవిలో పరుపులు వేసికొందుము, సంక్రాంతికి పిల్లలు గాలిపటములు ఎగురవేయుదురు. కాబట్టి ఈ వచనము మనకు వివరింప పనిలేదు.

అయితే మూడు సంగతులు గమనించుడి. మొదటిది, మిద్దె ఉండరాదని ధర్మశాస్త్రము చెప్పలేదు. మిద్దె మంచిదే, అది యజమానునిదే. రెండవది, ఆజ్ఞ పడిపోవువానికి కాదు, కట్టినవానికి. అంచునకు పోవద్దని పిల్లలకు చెప్పుమని మాత్రమే అనియుండవచ్చును గాని, గోడ కట్టుమనెను. మూడవది, ఎవరైన పడిన తరువాత కాదు, ఇల్లు క్రొత్తదిగా నున్నప్పుడే కట్టవలెను. ఈ మూడింటిని మనస్సునందుంచుకొని ముందుకు సాగుదము.

2. ఆ దేశములోని సంగతి

అమెరికా దేశములో ఆయుధములు కలిగియుండు హక్కు రాజ్యాంగములోనే కలదు. 1791లో చేర్చబడిన రెండవ సవరణ దానికి ఆధారము. మన దేశములో 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. 21 సంవత్సరములు నిండనివారికి సాధారణముగా అది లభింపదు. అక్కడ అట్లు కాదు. మన యిండ్లలో గొడ్డలి, కొడవలి ఉన్నట్లు అక్కడ అనేకుల యిండ్లలో తుపాకి ఉండును.

పిల్లల విషయమై అక్కడను చట్టములు లేకపోలేదు. 1968వ సంవత్సరపు చట్టము ప్రకారము లైసెన్సుగల వర్తకుడు 21 సంవత్సరములు నిండనివారికి పిస్తోలును, 18 నిండనివారికి రైఫిలును అమ్మరాదు. 1994లో చేసిన చట్టము 18 ఏండ్లలోపువారు పిస్తోలు కలిగియుండుటను, కొన్ని మినహాయింపులతో, నిషేధించెను. అయితే పొడుగు తుపాకులను కలిగియుండుటకు దేశమంతటికి వర్తించు కనీస వయస్సు లేదు. ఆయా రాష్ట్రములు తమ ఇష్టము చొప్పున నిర్ణయించుకొనును. కాబట్టి చాలచోట్ల తండ్రి తన చిన్న కుమారునికి రైఫిలు బహుమానముగా ఇచ్చుట నేరము కాదు.

2013లో కెంటకీ రాష్ట్రమందలి ఒక పల్లెటూరి యింట అట్టిదే జరిగెను. అయిదేండ్ల బాలునికి, పిల్లల కొరకే చేసిన చిన్న రైఫిలు ఇచ్చియుండిరి. దానిని ఒక మూలను ఆనించి యుంచిరి. లోపల తూటా ఉన్నదని పెద్దలకు తెలియలేదు. తల్లి ఒక్క నిమిషము వాకిట్లోనికి వెళ్లినంతలో ఆ బాలుని చేతిలో అది పేలి, రెండేండ్ల చెల్లెలు చనిపోయెను. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రములో ఒక తల్లి తన రెండేండ్ల బిడ్డతో దుకాణమునకు వెళ్లెను. ఆ బిడ్డ ఆమె చేతిసంచిలోని పిస్తోలు తీయగా అది పేలి ఆ తల్లి అక్కడనే చనిపోయెను. 2023 జనవరిలో వర్జీనియా రాష్ట్రపు న్యూపోర్ట్ న్యూస్ పట్టణములో ఆరేండ్ల బాలుడు ఇంటినుండి పిస్తోలు బడికి తెచ్చి తన ఉపాధ్యాయురాలిని కాల్చెను. ఆమె బ్రదికెను.

2020లో ఆ దేశమున ఒకటి మొదలు 19 సంవత్సరముల వయస్సువారి మరణములకు తుపాకులే మొదటి కారణమాయెను. అంతవరకు మొదటి స్థానము మోటారు ప్రమాదములది. చనిపోయినవారిలో ఎక్కువమంది పెద్ద పిల్లలు. హత్యలును ఆత్మహత్యలును వారిలో అధికము. పసిపిల్లల చేతులలో ప్రమాదముగా పేలినవి వాటికంటె తక్కువ. అయినను, లెక్క తక్కువైనంత మాత్రమున ఆ యొక్క యింటి దుఃఖము తక్కువ కాదు.

3. ఇరుపక్షములవారి మాటలు

తుపాకి ఉంచుకొనువారందరు కఠినులని మనము అనుకొనరాదు. వారిలో అనేకులు మనవలె పొలముమీద బ్రదుకువారు, కుటుంబమును ప్రేమించువారు. వారు చెప్పునది ఇది: "మా తాతలు జింకల వేటకు పోయిరి, మా తండ్రి మమ్మును వెంటబెట్టుకొని పోయెను, మేము మా బిడ్డను తీసికొనిపోవుచున్నాము. దాచిపెట్టినదానిమీద పిల్లలకు ఆశ కలుగును. నేర్పినదానిమీద గౌరవము కలుగును. అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు తాళపుచెవి వెదకుచు కూర్చుండుమా? మా పడకగదిలో ఏది ఎక్కడ ఉంచవలెనో ప్రభుత్వము చెప్పనేల?" ఈ మాటలలో నిజము లేకపోలేదు. అచ్చటి నేషనల్ రైఫిల్ అసోసియేషను 1988 నుండి ఎడ్డీ ఈగిల్ అను గ్రద్దబొమ్మ ద్వారా చిన్నపిల్లలకు, తుపాకి కనబడినయెడల ముట్టక, ఆ చోటు విడిచి, పెద్దవారికి తెలుపవలెనని నేర్పుచున్నది. ఆ బోధ మంచిదే.

రెండవ పక్షమువారు, తుపాకిని తీసివేయుమని కాదు, తాళము వేయుమని కోరుదురు. పిల్లల చేతికందునట్లు తుపాకి విడిచిన పెద్దలను బాధ్యులనుగా చేయు చట్టమును ఫ్లోరిడా రాష్ట్రము 1989లో అన్నిటికంటె ముందు చేసెను. తరువాత అనేక రాష్ట్రములు అట్టి చట్టములు చేసికొనెను. 2005లో చేసిన చట్టమువలన వర్తకులు ప్రతి పిస్తోలుతోకూడ తాళమునో భద్రపరచు సాధనమునో ఇయ్యవలసియున్నది. తాళము ఇచ్చుట చట్టమువలన జరుగును గాని, దానిని వేయుట ఇంటివాని చేతిలో నున్నది.

ఈ రెండు పక్షముల నడుమ 2008లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. ఇంటి రక్షణకై పిస్తోలు ఉంచుకొనుట వ్యక్తిగత హక్కు అనెను. తుపాకిని ఎల్లప్పుడు విడదీసియో తాళము వేసియో ఉంచవలెనన్న వాషింగ్టను నగరపు నియమమును కొట్టివేసెను. అయితే ప్రమాదములు జరుగకుండ తుపాకులను భద్రపరచుటకైన చట్టములను తమ తీర్పు త్రోసివేయుటలేదనియు అందులోనే చెప్పెను. మన పాఠపు మాటలలో చెప్పవలెనంటే, మిద్దె హక్కు వేరు, పిట్టగోడ బాధ్యత వేరు. ఒకటి రెండవదానిని రద్దుచేయదు.

4. చెప్పుట చాలునా?

అసలు వివాదము ఇక్కడనే యున్నది. బిడ్డకు నేర్పితే చాలునా, లేక బిడ్డకు అందకుండ దాచవలెనా?

అట్లాంటా నగరములో కొందరు వైద్యులు దీనిని పరీక్షించి 2001లో ప్రచురించిరి. ఎనిమిది మొదలు పండ్రెండు ఏండ్లలోపు మగపిల్లలు 64 మందిని 29 జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఒక గదిలో విడిచిరి. గదిలోని సొరుగులలో రెండు నీటి తుపాకులను, పేలకుండ చేసిన ఒక నిజమైన పిస్తోలును దాచిరి. అద్దము వెనుకనుండి చూచుచుండిరి. 21 జట్లు పిస్తోలును కనుగొనెను. 16 జట్లు దానిని చేతబట్టెను. పది జట్లలో ఎవరో ఒకరు మీట నొక్కిరి. దానిని పట్టినవారిలోను మీట నొక్కినవారిలోను నూటికి 90 మందికి పైగా, తమకు మునుపే తుపాకి జాగ్రత్తలు నేర్పబడియున్నవని చెప్పిరి!

ఆలబామా రాష్ట్రపు పల్లె ప్రాంతములో జరిగిన మరియొక పరిశోధన 2006లో వెలువడెను. తుపాకి ఎక్కడ నున్నదో మా బిడ్డకు తెలియదని తలిదండ్రులు చెప్పినచోట, నూటికి 39 యిండ్లలో బిడ్డ తెలుసునని చెప్పెను. మా బిడ్డ ఎన్నడును ముట్టలేదని చెప్పినచోట, నూటికి 22 యిండ్లలో బిడ్డ ముట్టితినని చెప్పెను. మా సహోదరి మనుమడు చెప్పినదియు ఇదే గదా.

ఇతరులను ఎంచుటకు ముందు మా తప్పు ఒకటి చెప్పవలసియున్నది. రెండు సంవత్సరముల క్రిందట మేము పెరటిలోని కూరపాదులకు పురుగుమందు కొట్టి, మిగిలినదానిని ఒక కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టితిమి. అప్పుడు అయిదేండ్లవాడైన మా కుమారునికి, "ఇది విషము, ముట్టరాదు" అని చెప్పితిమి. వాడు పాఠమువలె అప్పగించెను. మేము తృప్తిపడితిమి. ఒక మధ్యాహ్నము పొరుగింటి పిల్లవాడు ఆడుకొనుటకు వచ్చి, దాహమై ఆ సీసా అందుకొనెను. మా వాడు "అది తాగకూడదు" అని అరచెను గాని, వాడు ఆట అనుకొని నవ్వుచు మూత తిప్పుచుండెను. మా భార్య వంటింటిలోనుండి పరుగెత్తివచ్చి సీసాను చేతినుండి కొట్టివేసెను. పాఠము నేర్చినవాడు మా బిడ్డ. సీసా పట్టినవాడు పొరుగు బిడ్డ. మా బోధ మా గడప దాటలేదు. ఆ రాత్రి మేము సీసాను చూడలేదు, మా మనస్సును చూచుకొంటిమి. ఆ బిడ్డ చనిపోయియుంటే, "మేము చెప్పితిమి" అను మాటతో ఆ తల్లియెదుట నిలువగలమా?

పిల్లలకు నేర్పవలెను, సందేహము లేదు. అయితే బోధ గోడ కాదు. అంచున ఆడవద్దని చెప్పిన తండ్రియు గోడ కట్టవలసినవాడే.

తాళము విలువ ఎంతయో కూడ వైద్యులు కనుగొనిరి. 2005లో ప్రచురింపబడిన పరిశోధన నాలుగు అలవాట్లను చెప్పెను: తుపాకికి తాళము వేయుట, తూటాలు తీసివేయుట, తూటాలను వేరుచోట ఉంచుట, వాటికిని తాళము వేయుట. ఈ నాలుగింటిలో ప్రతిదియు, పిల్లలు ప్రమాదమువలన గాని నిరాశతో తమకు తామే గాని గాయపడుట తక్కువగానుండుటతో కూడియున్నదని తేలెను. పదునైదేండ్ల పిల్లవాని నిరాశ అనేకసార్లు ఒక గడియ తుపానువంటిది. తాళము ఆ గడియను దాటించును. ఆ సమయములో తల్లి తలుపు తట్టవచ్చును, స్నేహితుడు రావచ్చును. దొంగ భయమునకు కూడ ఉపాయము కలదు. పెద్దవారి వేలిముద్రతోనో అంకెలతోనో క్షణములలో తెరచుకొను ఇనుప పెట్టెలు అక్కడ దొరకును.

5. తెలిసినవాని లెక్క

నిర్గమకాండములో రెండు సంగతులు కలవు. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అయితే అది మునుపటినుండి పొడుచునదై, సంగతి అతనికి తెలిసియు కట్టివేయనియెడల, అతడును మరణశిక్షకు లోనగును. గొయ్యి త్రవ్వి దానిని కప్పనివాడు అందులో పడిన పశువునకు నష్టపరిహారము ఇయ్యవలెను. తెలిసినవాని లెక్క వేరు.

2021 నవంబరులో మిచిగాన్ రాష్ట్రపు ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 15 ఏండ్ల బాలుడు నలుగురు విద్యార్థులను కాల్చి చంపెను. నాలుగు దినముల ముందే తండ్రి ఆ పిస్తోలును కొనెను. ఆ దినము ఉదయముననే బడివారు తలిదండ్రులను పిలిచి, వాడు లెక్కల కాగితముమీద గీసిన భయంకరమైన బొమ్మలను చూపిరి. వారు బిడ్డను ఇంటికి తీసికొనిపోలేదు. పిస్తోలు సంగతి చెప్పలేదు. 2024లో తల్లిని ఫిబ్రవరిలోను తండ్రిని మార్చిలోను జూరీలు దోషులుగా తీర్చెను. ఏప్రిలులో ఇద్దరికిని పది మొదలు పదునైదు సంవత్సరముల జైలుశిక్ష విధింపబడెను. బిడ్డ బడిలో చేసిన సామూహిక హత్యలకు తలిదండ్రులు నరహత్యాదోషులుగా తీర్పు పొందుట ఆ దేశములో అదియే మొదటిసారి. న్యూపోర్ట్ న్యూసులోని ఆరేండ్ల బాలునిమీద నేరము మోపలేదు. 2023లో అతని తల్లికి జైలుశిక్షలు పడెను.

ఈ తీర్పులను చూచి మనము సంతోషింపరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తలిదండ్రులను జైలులో పెట్టుట న్యాయమా అని ఆ దేశములో అడుగువారున్నారు. అది తేలిక ప్రశ్న కాదు. అయితే శిక్షలన్నియు పడిన తరువాతివి. మన వచనము పడకముందు మాట్లాడుచున్నది.

6. మన యిండ్ల అంచులు

మన యిండ్లలో తుపాకి లేదు గనుక ఈ పాఠము మనది కాదనవద్దు. నీరు పడని బోరుబావులను మూయక విడిచినందున మన దేశములో పసిబిడ్డలు వాటిలో పడి చనిపోయిరి. 2010లో సుప్రీంకోర్టు, బోరు వేయుచున్నప్పుడు చుట్టు కంచె వేయవలెననియు, గొట్టమునకు గట్టి మూత బిగింపవలెననియు, విడిచిన బోరును అడుగునుండి నేలమట్టమువరకు పూడ్చవలెననియు ఆదేశించెను. మోషే చెప్పిన కప్పని గొయ్యి ఇదే కాదా? మీ చేలో పనికిరాని బోరు ఉన్నయెడల ఈ వారమే చూచిరండి. పురుగుమందును త్రాగు సీసాలలో పోయకుడి. పెట్టెలో తాళమువేసి, తాళపుచెవి మీయొద్ద నుంచుకొనుడి. ఇంట దిగులుగానున్న యౌవనస్థుడు ఉన్నయెడల ఇది మరింత అవసరము. ట్రాక్టరు తాళపుచెవిని దానికే విడిచి భోజనమునకు పోకుడి.

7. సహోదరికి ప్రత్యుత్తరము

అమ్మా, అడుగుట తప్పు కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను పిల్లల వైద్యుల సంఘము, బిడ్డను ఆటకు పంపుటకు ముందు ఆ యింట తాళము వేయని తుపాకి ఉన్నదా అని అడుగుమని తలిదండ్రులకు సలహా ఇచ్చుచున్నది. 2000 సంవత్సరమునుండి అక్కడ దీనికొరకు ప్రచారము జరుగుచున్నది. కాబట్టి అడుగుట మర్యాద తప్పుట కాదు, ఆ దేశపు మర్యాదయే. మీ అమ్మాయి పొరుగువారితో ఇట్లనవచ్చును: "మావాడు చేతికందినదెల్ల ముట్టుకుంటాడు. మీ ఇంట్లో తుపాకి ఉంటే, అది తాళంలోనే ఉంటుందా? తూటాలు వేరేచోట ఉంటాయా?" తుపాకి ఎందుకు అని అడుగవలసిన పనిలేదు. అది వారి మిద్దె. పిట్టగోడ ఉన్నదా అని మాత్రము అడుగుడి. వారి పిల్లవానికి కూడ ఆ చోటు తెలిసియున్నదని చెప్పుట వారికి మేలు చేయుటయే. ప్రత్యుత్తరము తృప్తి కలిగింపనియెడల స్నేహము తెంచుకొనక, ఆ పిల్లలను మీ యింటనే ఆడుకొననిండు.

ఈ మాటలు కాగితముమీద వ్రాసి ఆమెకు ఇచ్చితిమి. ఆమె దానిని కొంగున ముడివేసికొని, "ఆదివారం ఫోన్ చేస్తుందండి, అప్పుడు చదివి వినిపిస్తాను" అని చెప్పి వెళ్లెను. మీలో ఆ దేశమున బిడ్డలున్నవారు మీరును అట్లే చేయుడి.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. పిట్టగోడ ఆజ్ఞ ఇల్లు కట్టినవానికి ఇయ్యబడుటకు కారణమేమి?

2. పొడుచు ఎద్దు యజమానునికి, ఆ సంగతి ముందు తెలియని యజమానునికి భేదమేమి?

3. "మా బిడ్డకు చెప్పితిమి" అని మనము తృప్తిపడిన వస్తువు మన యింట ఏదైన కలదా? పొరుగు బిడ్డ వచ్చినప్పుడు అది ఎక్కడ నుండును?

4. అడుగుటకు సిగ్గుపడి మనము విడిచిన ప్రశ్న ఏదైన కలదా? ఎవరిని, ఎప్పుడు అడుగుదము?

ఈ వారము చేయవలసిన పని: ఇంటి పెద్ద చిన్నపిల్లవాని ఎత్తునకు మోకాళ్లమీద కూర్చుండి ఇల్లంతయు ఒకసారి చూడవలెను. చేతికందినదానిని ఆ దినమే తీసి భద్రపరచవలెను.